నెదర్లాండ్స్‌కి వచ్చిన మూడో వారంలోనే పాపని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని బడికి వెళ్లొచ్చా?

కృష్ణలంక
విజయవాడ నుంచి ఆమ్‌స్టెల్‌వీన్‌కి వచ్చి ఇది మూడో వారం. పాపకి ఐదేళ్లు. బడి రెండున్నర కిలోమీటర్లు. బస్సుకి అటు పది నిమిషాలు, ఇటు పది నిమిషాలు నడక, మధ్యలో ఎదురుచూపులు. మా వీధిలో తల్లులందరూ పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని మా కళ్లముందే వెళ్లిపోతుంటారు. సెకండ్ హ్యాండ్ సైకిల్ ఒకటి కొన్నాను, పిల్లల సీటు కూడా బిగించి ఇచ్చారు. ఇంటర్ రెండేళ్లూ బందరు రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ కాలేజీకి వెళ్లినదాన్ని. మావారు మాత్రం మార్చి దాకా ఆగమంటున్నారు. సైకిళ్లకి విడిగా దారి వేసిన ఊళ్లో నేను దేనికి ఆగాలి? సోమవారం నుంచి మొదలుపెడదామని ఉంది.

ఎర్రబాట
మొదలుపెట్టండి. నేను ఇక్కడికొచ్చి పదకొండేళ్లు. ఈ దేశంలో జనం 1.8 కోట్లు, సైకిళ్లు 2.3 కోట్ల దాకా ఉంటాయి. ఇదేమీ వాళ్లకి ఊరికే రాలేదు. 1971లో ఇక్కడి రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు రోడ్డెక్కి ‘పిల్లల హత్యలు ఆపండి’ అని ఉద్యమం చేశారు. ఇప్పుడు మీరు చూస్తున్న ఎర్ర రంగు సైకిల్ దారులకి ఆ పోరాటం ఒక పెద్ద కారణం. అవి మీ పాప లాంటి పిల్లల కోసం అడిగి వేయించుకున్న దారులు. చట్టం కూడా మీవైపే ఉంది. కారు సైకిల్‌ని గుద్దితే, తప్పు కొంత సైకిల్‌ మీదున్నా, నష్టంలో కనీసం సగం సాధారణంగా కారువాళ్లే భరించాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లలకైతే దాదాపు మొత్తం.

ఓరుగల్లు నుంచి ఉట్రెక్ట్
సోమవారం వద్దండీ. దయచేసి.

నేనూ మీలాగే అనుకున్నా. ఉట్రెక్ట్‌కి వచ్చిన నెలకి, ఒక సాయంత్రం చిన్న వీధిలోంచి సైకిల్ దారిలోకి తిరిగాను. నేల మీద తెల్లటి త్రికోణాలు వరసగా ఉన్నాయి. సొరచేప పళ్లంటారు వాటిని. మొన మనవైపు ఉంటే ఆగాల్సింది మనం. నాకది తెలియదు. డెబ్బై ఏళ్లుంటాయేమో, ఒకావిడ ఎడమవైపు నుంచి సైకిల్‌ మీద వస్తోంది. మన దగ్గరైతే ఆవిడ నన్ను చూసి కొంచెం నెమ్మదించేది, నేనూ ఆవిడని చూసి పక్కకి తిప్పేవాణ్ణి, ఇద్దరం వెళ్లిపోయేవాళ్లం. ఆవిడ నెమ్మదించలేదు. పళ్లు నావైపు ఉన్నాయి కాబట్టి నేను ఆగుతానని నమ్మింది. నేను ఆగకుండా గుద్దేశాను, ఆవిడ మణికట్టు విరిగింది. కూరగాయల సంచి తెగి ఉల్లిపాయలు దారంతా దొర్లాయి, వెనక వచ్చినవాళ్లు సైకిళ్లాపి ఏరి ఇచ్చారు. ఆవిడ నన్ను తిట్టలేదు. “పళ్లు చూడలేదా?” అని మాత్రం అడిగింది.

మన దగ్గర ఎదుటివాడి ముఖం చూసి బండి పోనిస్తాం. ఇక్కడ నేల మీద గుర్తు చూసి పోనిస్తారు. బందరు రోడ్డు మీద మీరు నేర్చుకున్నది మొదటిది. అది వచ్చినవాళ్లకే ఇక్కడ ప్రమాదం ఎక్కువని నా నమ్మకం, ఎందుకంటే మనకి భయం ఉండదు. ఎర్రబాట గారు చెప్పిన చట్టం కారుకీ సైకిల్‌కీ మధ్య. నేను గుద్దింది సైకిల్‌ని. పైగా పరిహారం వచ్చినంత మాత్రాన విరిగిన చెయ్యి మునుపటిలా అవుతుందా?

ఎర్రబాట
మీకు జరిగింది చదివితే బాధగా ఉంది. కానీ ఆ గుర్తులు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు, మార్చి దాకా ఆరు నెలలెందుకు? పళ్లు ఉంటే చూడండి. ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్లకి దారివ్వండి, 2001 నుంచి సైకిళ్లకీ ఇదే వర్తిస్తుంది. కొత్తవాళ్లని మరీ భయపెడితే ఏమవుతుందో చూశాను. తెలిసినవాళ్లలో ఇద్దరు ముగ్గురు ‘అలవాటయ్యాక’ అంటూ కారు కొనేశారు, ఇప్పటికీ సైకిలెక్కలేదు. ఇంకో మాట. ఇది సెప్టెంబర్. ఇప్పుడు బడివేళకి వెలుతురుంటుంది. డిసెంబర్‌లో ఎనిమిదిన్నర దాటినా తెల్లారదు, దానికి గాలీ వానా తోడు. నేర్చుకునేదేదో ఇప్పుడే నేర్చుకోవాలి.

నలభైలో పెడల్
కృష్ణలంక చెల్లీ, నేను సైకిల్ ముట్టుకున్నదే ముప్పైఎనిమిదేళ్లకి, ఇక్కడికొచ్చాకే. మా పేటలో వేరే దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్లకి క్లాసులు పెడితే వెళ్లాను. అక్కడ మాకు పెడల్ తొక్కడం కంటే ముందు ఆగడం నేర్పారు.

నీ సైకిల్‌కి హ్యాండిల్ మీద బ్రేకులున్నాయా? ఇక్కడి పాత సైకిళ్లలో చాలావాటికి పెడల్ వెనక్కి తొక్కితేనే బ్రేక్. మనం సిగ్నల్ దగ్గర ఆగాక పెడల్ పైకి తెచ్చుకోవడానికి వెనక్కి తిప్పుతాం చూడు, ఇందులో అలా తిప్పలేవు, బిగుసుకుంటుంది. పచ్చలైట్ పడ్డాక కాలు ఎక్కడ పెట్టాలో తెలియక నేను అక్కడే కూలబడ్డాను. వెనక పిల్ల ఉండుంటే? కాబట్టి ఆగే ముందే, చక్రం కదులుతుండగానే పెడల్‌ని సరైన చోటికి తెచ్చుకోవాలి.

రెండోది, తిరిగేటప్పుడు చెయ్యి చాపాలి. వెనక పద్దెనిమిది కిలోల పిల్ల కదులుతుంటే ఒంటి చేత్తో హ్యాండిల్ పట్టుకోవడం తేలిక కాదు. నేను పిల్లాడి సీట్లో రెండు పది కిలోల బియ్యం బస్తాలు కట్టుకుని వారం రోజులు తిరిగాను. నువ్వూ అలా తిరుగు. ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉంటాయి, బడి దాకా వెళ్లిరా. పాపకి హెల్మెట్ పెట్టు.

ఎర్రబాట
హెల్మెట్ విషయంలో ఒప్పుకోను అక్కా. మామూలు సైకిల్‌కి ఇక్కడ హెల్మెట్ తప్పనిసరి కాదు, ఎవరో కొందరే పెట్టుకుంటారు. తప్పనిసరి చేస్తే సైకిలెక్కేవాళ్లే తగ్గుతారని సైకిలిస్టుల సంఘం వాదన. నాకూ అది నిజమనే అనిపిస్తుంది.

నలభైలో పెడల్
నేను చట్టం గురించి చెప్పడం లేదు తమ్ముడూ. సైకిల్‌ మీదే పుట్టి పెరిగిన తల్లి వెనక కూర్చునే పిల్ల వేరు, మూడో వారంలో ఉన్న తల్లి వెనక కూర్చునే పిల్ల వేరు.

కృష్ణలంక
అందరికీ థాంక్స్. సోమవారం వెళ్లలేదు, బస్సులోనే తీసుకెళ్లాను. నిన్న ఆదివారం పొద్దున్నే సైకిల్ వెనక రెండు బియ్యం బస్తాలు కట్టుకుని బడి దాకా వెళ్లొచ్చాను. పళ్లు నాలుగుచోట్ల నావైపే ఉన్నాయి. అందులో ఒకటి పోయిన వారం మాల్‌కి వెళ్తూ నేను ఆగకుండా దాటిన చోటు. అప్పుడు ఎవరూ రాలేదు, అంతే. అది చూసి కాళ్లు వణికాయి. ఓరుగల్లు గారూ, ఆవిడ చెయ్యి తర్వాత నయమైందా?

ఒక పెద్ద కూడలి మాత్రం ఇంకా అర్థం కాలేదు. ఎడమకి తిరగాలి, ట్రామ్ పట్టాలు కూడా ఉన్నాయి.

ఓరుగల్లు నుంచి ఉట్రెక్ట్
నయమైంది, రెండు నెలలు పట్టింది. నేను వెళ్లి చూసొచ్చాను. ఇప్పుడు మళ్లీ సైకిల్‌ మీదే తిరుగుతోంది.

పట్టాల్ని ఎప్పుడూ అడ్డంగానే దాటండి. ఏటవాలుగా వెళ్తే ముందు చక్రం గాడిలో దిగుతుంది. ఎడమకి తిరగడానికి ముందు నేరుగా అవతలికి వెళ్లి, అక్కడ ఆగి, ఎడమవైపు వెళ్లే సిగ్నల్ పడ్డాక వెళ్లండి. అదీ ధైర్యం చాలకపోతే దిగి, సైకిల్ నడిపించుకుంటూ దాటండి. పాప సీట్లోనే కూర్చుని ఉంటే హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకోండి.