సమస్య: “గోదావరి కన్న నైలు కొంచెము సుమ్మీ”

ఈజిప్టులోని అస్వాన్ నుంచి, సమస్య ఇస్తున్నవాడు:

ఈ రోజు ఎలిఫెంటైన్ దీవికి వెళ్లాను. అక్కడ నీటి అంచు దాకా దిగే రాతిమెట్లున్నాయి. పక్క గోడ మీద గీతలు గీసి ఉన్నాయి. వాటి కొలత మూరల్లో. పూర్వం వరద ఏ గీత దాకా వచ్చిందో చూసి ఆ ఏడు పంట ఎలా ఉంటుందో, శిస్తు ఎంత వేయాలో లెక్క కట్టేవారు. రోమన్ రచయిత ప్లినీ రాసిన దాని ప్రకారం నైలు 12 మూరలు పొంగితే ఆకలి, 16 పొంగితే సంబరం. ఆ గోడను ఫోన్‌లో మీకు చూపిస్తుంటే భద్రాచలం మాస్టారు వెంటనే “మా గోదావరి 43, 48, 53 అడుగుల వరద హెచ్చరికల్లాంటివే కదండీ!” అన్నారు. నిజంగా అవేనండీ. కాకపోతే ఇక్కడ కొలిచే పని లేదిప్పుడు. 1970లో పెద్ద ఆనకట్ట పూర్తయ్యాక ఆ పాత వరద ఈ మెట్ల దాకా రావడమే లేదు. నున్నగా అరిగిపోయిన మెట్టు మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చున్నాను. అక్కడే ఈ పాదం తోచింది.

ఇది కందపద్యానికి నాలుగో పాదం. అర్థం కుదిరేలా మిగతా మూడు పాదాలూ మీరు రాయాలి, అదే పూరణ. గో–కొం యతి (పాదం మొదటి అక్షరంతో నడుమ వచ్చే అక్షరం పలుకులో కలవడం) కుదిరింది. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, దకారం. దాని ముందు దీర్ఘం రావాలి. 6,650 కిలోమీటర్ల నైలును 1,465 కిలోమీటర్ల గోదావరి ముందు చిన్నబుచ్చడం అసంబద్ధంగానే కనిపిస్తుంది. ఆ చిక్కు విప్పండి.

మొదటి పూరణ, ధవళేశ్వరం నుంచి నీటిపారుదల శాఖలో రిటైరైన ఇంజనీరు గారు:

కాదోయి పొడవు ముఖ్యము
సోదర! యేటేట బారు సొత్తును గనుమా
మాదే నూటికి మీఱుట
గోదావరి కన్న నైలు కొంచెము సుమ్మీ

“లెక్క కూడా రాస్తున్నాను. 1959లో ఈజిప్టు, సూడాన్ నీళ్లు పంచుకున్నప్పుడు అస్వాన్ దగ్గర నైలు సగటు ఏటి ప్రవాహం 84 శతకోటి ఘనపు మీటర్లని తీసుకున్నారు. ఈజిప్టుకు 55.5, సూడాన్‌కు 18.5, ఎండకు ఆవిరయ్యేది 10. మన గోదావరిలో ఏడాదికి సుమారు 110. టీఎంసీల్లో (శతకోటి ఘనపుటడుగుల్లో) చెప్పాలంటే అక్కడ 2,970కి అటూ ఇటూ, ఇక్కడ 3,900కి దగ్గర.”

సమస్య ఇచ్చినవాడు:

ఇంజనీరు గారూ, నమస్కారం. అసంబద్ధం అనుకుని ఇచ్చిన పాదం అక్షరాలా నిజమని మీరు చూపించారు. పైపెచ్చు ఏటేట పారే నీటిని “సొత్తు” అన్నారే, ఆ మాట దగ్గర ఆగిపోయాను. కాలువ కింద సాగు చేసిన ఇంట్లో పుట్టినవాళ్లకే ఆ మాట వస్తుంది.

మూడో పాదం మీద మాత్రం రెండు మాటలు చెప్పాలి. “మీఱుట” అనేసరికి వాక్యం అక్కడే తెగిపోయి కింది పాదానికి అతకడం లేదు. మీఱడానికి ద్వితీయ రావాలి కూడా. “మాదియె నూటిని మీఱగ” అంటే గణాలు (మాత్రల లెక్క) చెడవు, నాలుగో పాదానికి కారణమూ అందుతుంది. ఇక ఆ నూరు ఏమిటన్నది పద్యంలో లేదు. మనవాళ్లంతా టీఎంసీల్లో మాట్లాడుకుంటారు కాబట్టి నూరు టీఎంసీలనుకునే ప్రమాదముంది. కందంలో అంత చోటు లేదు, ఒప్పుకుంటాను. మీ వివరణను పద్యం కిందే ఉంచుదాం.

భద్రాచలం మాస్టారు:

“నేను పూరించలేదు, ఒక అభ్యంతరం చెప్తాను. ఏడాది మొత్తం కూడితే మనదే ఎక్కువ కావచ్చు. మే నెలలో మా స్నానఘట్టాల దగ్గర నిలబడి ఆ లెక్క చెప్పగలరా? ఎటు చూసినా ఇసుక తిన్నెలే. అదే నది 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. 1986లో 75.6. ఏ రోజు గోదావరితో పోలుస్తున్నారో చెప్పకుండా పోలిస్తే ఎలా?”

సమస్య ఇచ్చినవాడు:

మాస్టారూ, ఈ అభ్యంతరం ఒక పూరణ పాటి చేస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆనకట్టలు కట్టకముందు నైలుదీ ఇదే స్వభావం. ఇథియోపియా కొండల మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానే నైలుకు ఉపనది అయిన నీలి నైలులో ఎర్రమట్టి నీళ్లై ఇక్కడికి దిగేది. మన దగ్గర శ్రావణ భాద్రపదాల్లో గోదారి ఎరుపెక్కే రోజుల్లోనే ఇక్కడా నైలు పొంగేది. ఇప్పుడు ఆ నీటిని ఆనకట్ట వెనక పట్టి ఉంచి, ఏడాది పొడవునా కొలిచి వదులుతున్నారు.

రెండో పూరణ, కైరోలో ఉద్యోగం చేస్తున్న కొవ్వూరు తమ్ముడు:

నాదగు ఫోనున నైలును
మోదముతో జూపినంత ముసలమ్మనియెన్
“ఆ దరి కనబడుచున్నది
గోదావరి కన్న నైలు కొంచెము సుమ్మీ”

“ఇది జరిగిందే అన్నయ్యా. ఆఫీసు నుంచి వస్తూ వంతెన మీద ఆగి మా మామ్మకు వీడియో కాల్ చేశాను. కళ్లద్దాలు సర్దుకుని చూసి, ‘అవతలి గట్టు మీద మనుషులు కూడా కనపడుతున్నారు కదరా, ఇదేనా నైలు?’ అంది.”

సమస్య ఇచ్చినవాడు:

తమ్ముడూ, మూడో పాదం వినగానే కొవ్వూరు రేవు కళ్ల ముందు నిలిచింది. కొవ్వూరు–రాజమండ్రి మధ్య 1974 నాటి రోడ్డు రైలు వంతెన పొడవు 4 కిలోమీటర్లకు పైనే. పొద్దున మంచులో ఆ వంతెన సగం దాకానే కనిపిస్తుంది. తక్కినది ఉందని నమ్మడమే. ఆ వెడల్పును చూస్తూ పెరిగిన మామ్మకు నది అంటే అవతలి గట్టు కనపడకూడదు. ఒక్క అంకె లేకుండా ఆవిడ కొలత మొత్తం “ఆ దరి కనబడుచున్నది” అన్న మాటలో వచ్చేసింది. పైగా అది మామూలుగా మాట్లాడుకునే మాట. కందంలో అంత సహజంగా ఇమడడం చిన్న పని కాదు.

కాని “ముసలమ్మ” వద్దు. అంత ప్రేమగా చెప్పిన మాటకు దూరపు మనిషి పేరు పెట్టినట్టయింది. “జూప నవ్వ” అని అవ్వను తెద్దామంటే నవ్వినట్టు వినపడుతుంది. నువ్వు పిలిచే పిలుపే పెట్టు:

మోదముతో జూప మామ్మ ముద్దుగ బలికెన్

యతి అలాగే నిలుస్తుంది. మామ్మకు ఒకసారి చదివి వినిపించు.

మూడో పూరణ, వరంగల్‌లో డిగ్రీ చదువుతున్న చెల్లి (మొదటిసారి రాస్తున్నానంది):

ఈ ధరణిని పొడవైనది
వేదనతో వానలేక వెతబడు నచ్చోన్
ఏ దరి వాగును కలియదు
గోదావరి కన్న నైలు కొంచెము సుమ్మీ

సమస్య ఇచ్చినవాడు:

చెల్లీ, గణాలన్నీ సరిపోయాయి. కందంలో ప్రత్యేక నియమమున్న ఆరో గణం మొదటి ప్రయత్నంలోనే తప్పకుండా రావడం సంతోషం. ప్రాస దగ్గర జారావు. “ఈ ధరణి”లో ఉన్నది ధకారం, మనకు కావలసింది దకారం. చెవికి దగ్గరగా వినిపిస్తుంది కాబట్టే ఈ పొరపాటు అందరికీ వస్తుంది. “మేదినిలో పొడవైనది” అంటే సరిపోతుంది. రెండో పాదంలో వేదన, వెత ఒకే అర్థం. ఒకదాని చోటులో ఇంకో విషయం చెప్పవచ్చు.

మూడో పాదాన్ని మాత్రం ముట్టుకోకు. అట్బరా నది కలిశాక సముద్రం దాకా రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా నైలులో ఒక్క ఉపనది కూడా కలవదు. మన గోదావరికైతే మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వరసగా వచ్చి చేరుతూనే ఉంటాయి. అంత పెద్ద తేడాను నాలుగు మాటల్లో పట్టావు.

వరంగల్ చెల్లి, మర్నాడు:

మేదినిలో పొడవైనది
ఏదీ? యొక చినుకు రాల దెండల సీమన్
ఏ దరి వాగును కలియదు
గోదావరి కన్న నైలు కొంచెము సుమ్మీ

“రాత్రంతా టెన్షన్ పడ్డాను అన్నయ్యా. బస్సులో ‘ఏదీ’ తట్టింది.”

సమస్య ఇచ్చినవాడు:

ఆ “ఏదీ?” పద్యాన్ని నిలబెట్టింది. ఆకాశం వైపు చూసి అడిగినట్టుంది. నేను ఇక్కడ మధ్యాహ్నం రెండు గంటలకు అచ్చంగా అలాగే చూశాను. ఏ మూలా మబ్బు తునక లేదు. గట్టు మీద ఒక వరస ఖర్జూర చెట్లు, వాటి వెనక నుంచే ఎడారి.

నాలుగో పూరణ, ఉగాండాలోని కంపాలాలో ఉంటున్న ముక్తేశ్వరం అక్క:

పాదము మోపిన మేరకు
నాదగు కన్నులకు దక్కె నదిలో తునకే
నీ దరి బెరిగినదానను
గోదావరి! కన్న నైలు కొంచెము సుమ్మీ

“మీరంతా నైలు కొస చూస్తున్నారు, నేను మొదలు చూస్తున్నాను. విక్టోరియా సరస్సులోంచి నది బయల్దేరే జింజా మాకు దగ్గరే. గాంధీగారి అస్థికల్లో కొంత భాగాన్ని 1948లో అక్కడ కలిపారు, గట్టు మీద ఆయన విగ్రహం ఉంది. అక్కడ బయల్దేరిన నీరు మధ్యధరా సముద్రం చేరడానికి దాదాపు 3 నెలలు పడుతుందంటారు. దారిలో దక్షిణ సూడాన్ చిత్తడి నేలల్లో సగం దాకా ఆవిరైపోతుంది. అవేవీ నేను చూడలేదు.”

సమస్య ఇచ్చినవాడు:

అక్కా, పాదంలో అక్షరం మార్చకుండా అర్థం మొత్తం తిప్పేశారు. మేమంతా “కన్న”ను “కంటె” అనుకుని రెండు నదులను తూచాం. మీరు “గోదావరి!” అని పిలిచి ఒక్క క్షణం ఆగారు. “కన్న” అంటే చూసిన అయింది. చిన్నబోయింది నైలు కాదు, మనం చూసింది. సమస్య ఇచ్చిన నాకే ఈ విరుపు తట్టలేదు. “సుమ్మీ” కూడా ఇక్కడ మారిపోయింది. మిగతా పూరణల్లో అది పందెంలో నెగ్గినవాడి గొంతు. మీ దగ్గర ఊరు వదిలి వచ్చిన కూతురు తల్లితో చెప్పుకునే మాట.

ఒక్క సూచన. “నాదగు కన్నులకు”లో “నాదగు” ప్రాస కోసం వచ్చినట్టు తెలుస్తోంది. కైరో తమ్ముడి “నాదగు ఫోనున”కూ ఇదే వర్తిస్తుంది. మారిస్తే మంచిదే. మార్చకపోయినా ఈ వారం నేను ఎంచుకునే పూరణ ఇదే.

రేపు తెల్లవారుజామున లక్సర్ వెళ్లే పడవ ఎక్కుతున్నాను. రెండు రాత్రుల ప్రయాణం. దారిలో కోమ్ ఓంబో గుడి దగ్గర కూడా నైలును కొలిచిన పాత బావి ఒకటుందట. సిగ్నల్ ఉంటే అక్కడి నుంచి చూపిస్తాను. ఇంజనీరు గారూ, మూడో పాదం సవరించి పంపండి.