జవాబు: కౌన్సెలర్ సలహా ఏమీ ఇవ్వలేదు, రెండోసారి వెళ్లాలా?

ఉద్యోగం, ఇల్లు విషయాల్లో ఏం చేయాలో తేలక కౌన్సెలర్ దగ్గరికి వెళితే ఆవిడ సలహా ఏమీ ఇవ్వలేదని, మళ్లీ వెళ్లాలా అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. మీరు రాసింది చదివితే ఆవిడ తన పని బాగానే చేస్తున్నారనిపించింది. నేనూ ఈ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కష్టమొస్తే మనం పెద్దవాళ్ల దగ్గరికి వెళ్తాం. సగం వినగానే ‘ఇలా చెయ్యి’ అంటారు, ప్రేమతోనే. కౌన్సెలర్ దగ్గరా అదే ఆశిస్తాం. కానీ ఉద్యోగం మానాలా, వెనక్కి సొంతవాళ్ల దగ్గరికి వెళ్లిపోవాలా అన్నది మీ తరఫున తేల్చడం ఆవిడ పని కాదు. ఇంట్లోవాళ్లకు ఏమీ చెప్పలేదని మీరన్నప్పుడు, ‘చెప్పాల్సింది కదా’ అనకుండా ‘చెబితే ఏమవుతుందని భయం?’ అని అడిగారని రాశారు. మీకు ఏడుపొచ్చింది. ఆవిడ కంగారుపడి మాట మార్చలేదు, టైం చూసుకోలేదు, మీరు తేరుకునేదాకా ఊరుకున్నారు. అలా ఊరుకోవడం మాకు ఏళ్ల మీద గానీ పట్టుబడదు.

కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు కౌన్సెలర్ ఎలా ఉండాలో 1957లోనే రాశారు. ఎదుటి మనిషిని షరతులు పెట్టకుండా గౌరవించాలి, ఆ మనిషి వైపు నుంచి చూడాలి, మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోలా ఉండకూడదు. ఆ తర్వాత చాలా పద్ధతులొచ్చాయి, కొన్నిట్లో ఇంటికి పని కూడా ఇచ్చి పంపుతారు. ఏ పద్ధతైనా ఈ గౌరవం లేకపోతే మనిషి నోరు విప్పడు.

ఆఫీసులో తెలిసిపోతుందేమోనన్న టెన్షన్ సహజమే. మొదటి రోజు సంతకం పెట్టిన కాగితం మళ్లీ చదవండి, గోప్యత సంగతి అందులో ఉంటుంది. మామూలుగా మీ మాట బయటికి పోదు. ఎవరి ప్రాణానికైనా ముప్పుందనిపించినా, పిల్లల మీద హింస జరుగుతోందని తెలిసినా, కోర్టు ఆదేశించినా చెప్పాల్సి రావచ్చు. ఈ హద్దులు దేశాన్ని బట్టి మారతాయి, ఆవిడనే నేరుగా అడగండి.

మీకిచ్చిన 9 ప్రశ్నల ఫారం బహుశా పీహెచ్‌క్యూ-9 అయ్యుంటుంది, అంటే డిప్రెషన్ (కుంగుబాటు) ఎంత ఉందో అంచనా వేసే ప్రశ్నల పట్టిక. గత 2 వారాల్లో నిద్ర, ఆకలి, ఓపిక ఎలా ఉన్నాయని అడుగుతుంది. మనవాళ్లు చాలామంది పరీక్షలో మార్కులు పోతాయన్నట్టు అన్నిటికీ ‘అస్సలు లేదు’ అని టిక్ పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. వస్తుంటే వస్తున్నాయనే రాయండి. రాసినంత మాత్రాన తీసుకెళ్లి ఆస్పత్రిలో పడేయరు, ఎంత తరచుగా, ఎంత బలంగా వస్తున్నాయో ముందు నెమ్మదిగా కనుక్కుంటారు. ఆ ఆలోచనలు ఇప్పుడే తరుముతుంటే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయండి, ఎవరినైనా తోడు పిలుచుకోండి.

మందుల అవసరం ఉందనిపిస్తే డాక్టరు దగ్గరికి పంపుతారు, అదేం ఘోరమైన సంగతి కాదు. భాష ఇబ్బందైతే దుభాషిని అడగండి. భర్తనో, చెల్లెలినో ఆ పనికి కూర్చోబెట్టొద్దు, వాళ్ల ముందు సగం మాటలు గొంతు దాటవు.

మూడు నాలుగుసార్లు వెళ్లాక కూడా కుదరలేదనిపిస్తే, ‘నాకు దారి చూపే మాట కూడా కావాలి’ అని ఆవిడతోనే అనండి. మంచి కౌన్సెలర్ నొచ్చుకోరు. పద్ధతి మారుస్తారు, లేదా ఇంకొకరి దగ్గరికి పంపుతారు. మిమ్మల్ని తప్పుపట్టినా, మీ నమ్మకాలను చులకన చేసినా మాత్రం అన్నిసార్లు ఓర్చుకోనక్కర్లేదు, వెంటనే మారిపోండి.