పాప కన్ను బయటికి జారుతోంది: సర్జరీ ఇప్పుడేనా, ఆగాలా?

మల్లెతీగ అడిగారు:

మా పాపకు అయిదేళ్లు. అలసిపోయినా, జ్వరం వచ్చినా, పరధ్యానంగా దూరం చూస్తూ ఉండిపోయినా ఎడమ కన్ను బయటి వైపుకి జారిపోతుంది. పిలిస్తే రెప్ప కొట్టి మళ్లీ మామూలుగా చూస్తుంది. ఎండలోకి వెళ్తే ఆ కన్ను మూసేస్తుంది. ఇద్దరు పిల్లల కంటి డాక్టర్లకు చూపించాం. ఒకరు సర్జరీ చేయించేయండి అన్నారు, ఇంకొకరు చూపు రెండు కళ్లలోనూ బాగుంది, కొన్ని నెలలకోసారి చూస్తూ ఉందాం అన్నారు. ఇప్పుడు ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

ఇంకో సంగతి, మా ఆయనకు కూడా చిన్నప్పటి నుంచి కుడి కన్ను బయటికే ఉంటుంది, పాపకి లాగా వచ్చి పోవడం కాదు, ఎప్పుడూ అంతే. ఆయన్ని కూడా చూపించుకోమంటే "ఈ వయసులో అందం కోసం కన్ను కోయించుకోనా" అంటారు. పెద్దవాళ్లకు చేస్తారా అసలు? కనుగుడ్డు బయటికి తీసి చేస్తారని ఎవరో చెప్పారు, అది విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. చేయించినా మళ్లీ వస్తుందని కూడా అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

చూపుమనిషి:

పిల్లల కంటి విభాగంలో మెల్ల కొలిచే పని నాది, సర్జన్ని కాదు, అది గుర్తుపెట్టుకుని చదవండి. ముందు ఆ గుడ్డు సంగతి: ఎవరూ బయటికి తీయరు. కంటిని కదిలించే కండరాలు ఒక్కో కంటికి ఆరు, అవి గుడ్డు బయటి గోడకే అతుక్కుని ఉంటాయి. తెల్లగుడ్డు మీది పల్చటి పొరలో చిన్న గాటు పెట్టి, బయటి వైపుకి లాగే కండరాన్ని అతుకు దగ్గర విడదీసి కొంచెం వెనక్కి జరిపి కుడతారు, దాంతో దాని పట్టు తగ్గుతుంది. లేదా ఒకే కంటికి బయటి కండరం వెనక్కి జరిపి, లోపలి వైపు కండరాన్ని కొంత కత్తిరించి బిగిస్తారు. దారం దానంతటదే కరిగిపోతుంది. లెన్సు, రెటీనా జోలికి పోరు.

ఇక ఇద్దరు డాక్టర్ల మాట. ఇద్దరూ కరెక్టే అయి ఉండొచ్చు. మీరు చెప్పింది అప్పుడప్పుడు వచ్చే రకం, ఇంటర్మిటెంట్ ఎక్సోట్రోపియా అంటారు. ఇందులో కన్ను ఎంత దూరం జారుతోంది అన్నదానికంటే, జారాక పాప ఎంత సులువుగా వెనక్కి తెచ్చుకుంటోంది అన్నదే ఎక్కువ ముఖ్యం. దాన్ని కంట్రోల్ అంటాం, 0 నుంచి 5 దాకా మార్కులు వేస్తాం, 5 అంటే కన్ను ఎప్పుడూ బయటే. చిక్కేమిటంటే ఈ మార్కు పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి వస్తుంది, కాబట్టి ఒక డాక్టర్ నిద్ర లేచి హుషారుగా ఉన్న పాపను చూసి, ఇంకొకరు క్యూలో కూర్చుని అలసిపోయిన పాపను చూస్తే రెండు సలహాలు రావడంలో వింత లేదు. ఒక్కసారి చూసి సర్జరీ డేట్ ఇచ్చేయడం నాకు నచ్చదు, బాగా ముదిరితే తప్ప. మీరు ఇంట్లో వేర్వేరు టైముల్లో ఫోన్‌లో వీడియోలు తీసి పెట్టుకోండి, చాలా పనికొస్తాయి.

మెలకువగా ఉన్న టైములో సగం పైగా కన్ను బయటే ఉంటోందా, రెప్ప కొట్టినా వెనక్కి రావడం లేదా, దగ్గరి వస్తువు చూసేటప్పుడు కూడా జారుతోందా, లోతు తెలిసే చూపు తగ్గుతోందా? వీటిలో ఏది మొదలైనా సర్జరీ గురించి గట్టిగా మాట్లాడాలి. అలా లేకపోతే ఆగడంలో పెద్ద నష్టం లేదు. పెడిగ్ అనే పిల్లల కంటి పరిశోధన బృందం 3 నుంచి 10 ఏళ్ల పిల్లల్ని వైద్యం లేకుండా మూడేళ్లు గమనిస్తే పరిస్థితి దిగజారింది సుమారు 15 శాతం మందికే.

ఒక్క హెచ్చరిక. ఏ బిడ్డకైనా కంటిపాప తెల్లగా మెరిస్తే, లేదా ఎవరికైనా ఉన్నట్టుండి రెప్ప వాలిపోయి కన్ను బయటికి తిరిగితే అప్పుడు అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే పరుగెత్తాలి. మీ పాప విషయం అది కాదు.

పెన్సిల్ బాబాయ్:

సర్జరీ ఎందుకండీ, పెన్సిల్ ముక్కు దాకా తెచ్చే ఎక్సర్‌సైజ్ రోజూ చేయిస్తే చాలు, మా అన్నయ్య కొడుక్కి పూర్తిగా పోయింది.

చూపుమనిషి:

బాబాయ్ గారూ, ఆ అబ్బాయికి ఉన్నది దగ్గరికి చూసేటప్పుడు కళ్లు లోపలికి కలవని సమస్య అయి ఉంటుంది, దానికి ఎక్సర్‌సైజులు నిజంగానే పనిచేస్తాయి (అందులోనూ ఒట్టి పెన్సిల్ కంటే క్లినిక్‌లో పద్ధతిగా చేయించేవి మేలు). ఈ పాపకి దూరం చూసినప్పుడు జారుతోంది, అక్కడ పెన్సిల్ పెద్దగా చేసేదేం లేదు. మైనస్ పవర్ ఎక్కువ వేసిన కళ్లద్దాలు ఇంకో దారి, అవి పెట్టుకున్నంత సేపు కంట్రోల్ బాగుంటుంది కానీ మానేశాక ఆ లాభం నిలవలేదు, పైగా కొందరు పిల్లలకు మైనస్ పెరిగింది.

రెండోసారి అమ్మ:

మా బాబుకి రెండుసార్లు చేయించాను కాబట్టి "మళ్లీ వస్తుందా" అన్నదానికి నేనే చెప్పాలి. వస్తుంది, అందరికీ కాదు, కానీ అరుదు కూడా కాదు. మొదటిసారి రెండు కళ్ల బయటి కండరాలు వెనక్కి జరిపారు. కట్టు తీసిన రోజు కళ్లు కొంచెం లోపలికి చూస్తున్నాయి, డబుల్ కనిపిస్తోందని బాబు ఏడుపు, నాకేమో కాళ్లు చల్లబడిపోయాయి. మా సర్జన్ నింపాదిగా "కావాలనే కొంచెం ఎక్కువ దిద్దాను, కళ్లకి మళ్లీ బయటికి జారే గుణం ఉంటుంది" అన్నారు, కొద్ది వారాల్లో సర్దుకుంది. తర్వాత రెండేళ్లు బ్రహ్మాండంగా ఉండి మెల్లగా మళ్లీ మొదలైంది, అప్పుడు లోపలి కండరాలు బిగించారు. ఇప్పుడు బాగున్నాడు, అలసిపోతే ఎప్పుడైనా ఒక్క క్షణం జారుతుంది.

సర్జరీ కండరాన్నే సరిచేస్తుంది, రెండు కళ్లను కలిపి ఉంచే పని మెదడుది, దాన్ని కత్తితో మార్చలేరు. ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. పెడిగ్ వాళ్లదే ఇంకో ట్రయల్ గురించి మా డాక్టర్ చెప్పారు: మూడేళ్లకి ఫలితం సరిపోలేదని లెక్క తేలింది రెండు కళ్ల బయటి కండరాలు వెనక్కి జరిపే పద్ధతిలో 46 శాతం మందికి, ఒకే కంటికి రెండు కండరాలు సరిచేసే పద్ధతిలో 37 శాతం మందికి, ఆ తేడా కూడా నమ్మదగ్గంత కాదట. భయపడకండి, వాళ్లు పెట్టుకున్న కొలత కఠినమైనది, వాళ్లలో రెండో సర్జరీ దాకా వెళ్లినవాళ్లు కొద్దిమందే.

నలభైలో నేరుగా:

మీ ఆయన కోసం ఇది. నాకు నలభై దాటాక చేయించుకున్నాను. అందం కోసం అన్న మాట వినీ వినీ విసిగిపోయాను, ఎదుటివాళ్లు మనతో మాట్లాడుతూ "నన్నేనా చూస్తున్నావు" అని వెనక్కి తిరిగి చూసే బాధ పడనివాళ్లే ఆ మాట అంటారు. పెద్దవాళ్లకు చేస్తారు, వయసు అడ్డం కాదు. నాది సర్దుబాటు కుట్టు పద్ధతి: ముడి తాత్కాలికంగా వేసి వదిలి, మత్తు దిగాక కూర్చోబెట్టి, దూరంగా ఒక గుర్తు చూడమని, కన్ను ఎక్కడుందో చూసుకుని దారం కాస్త బిగించి ముడి వేశారు. చుక్కల మందు వేస్తారు, నొప్పి కంటే ఏదో లాగుతున్న ఇబ్బంది ఎక్కువ.

ఆయన్ని అడగమనాల్సింది ఒకటుంది. చిన్నప్పటి నుంచి బయటికి ఉన్న కంటి నుంచి వచ్చే బొమ్మను మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. ఆ కన్నును మధ్యలోకి తెస్తే కొందరికి డబుల్ కనిపించవచ్చు, ఎక్కువమందికి పోతుంది, అరుదుగా మిగులుతుంది. సర్జరీకి ముందే ప్రిజమ్ అద్దాలు (కనిపించే బొమ్మను పక్కకి జరిపేవి) పెట్టి ఆ పరిస్థితి ఎలా ఉంటుందో చూపిస్తారు, అది చేయకుండా ఒప్పుకోవద్దు. ఆ కంట్లో చూపు తక్కువైతే సర్జరీతో చూపు పెరగదు, కాలక్రమంలో మళ్లీ బయటికి జారే అవకాశం కూడా ఎక్కువ. నాకు ఇంకో వింత, బయటికి ఉన్న కంటితో పక్కనుంచి వచ్చేవి ముందే కనిపించేవి, ఇప్పుడు ఆ వైపు తల తిప్పాల్సి వస్తోంది.

మల్లెతీగ:

అందరికీ చాలా థాంక్స్, ఆయనకి చదివి వినిపించాను, ఏమీ అనలేదు కానీ ఫోన్ తీసుకుని ప్రిజమ్ గురించి రెండోసారి చదివారు. పాపకి ఇంకో నాలుగు నెలలు వీడియోలు తీసి చూస్తాం. ఒకవేళ చేయాల్సి వస్తే పూర్తి మత్తు ఇస్తారు కదా, అదే భయం. స్కూలు, ఆటలు ఎన్నాళ్లు మానాలి?

చూపుమనిషి:

పిల్లలకు పూర్తి మత్తే. కండరం లాగినప్పుడు గుండె వేగం కాస్త తగ్గవచ్చు, మత్తు డాక్టర్లకు ఇది బాగా తెలిసిన విషయం, వదలగానే సర్దుకుంటుంది, అవసరమైతే మందూ ఉంది. ఇంట్లో ఎవరికైనా మత్తు పడక ఇబ్బంది వచ్చి ఉంటే ముందే చెప్పండి. ఆ రోజు వాంతులు మామూలే. చాలావరకు వారంలోపే స్కూలుకి వెళ్తారు, ఎరుపు మాత్రం కొన్ని వారాలు ఉంటుంది. ఇసుకలో ఆడటం, ఈత కనీసం రెండు వారాలు వద్దు. నొప్పి రోజురోజుకీ పెరిగినా, చూపు తగ్గినా, చీము కనిపించినా, కన్ను ఒక వైపుకి అసలు కదలకపోయినా ఆ రోజే తీసుకెళ్లండి. కళ్లద్దాలు ఉంటే సర్జరీ తర్వాత కూడా పెట్టుకోవాలి, అవి వేరు, ఇది వేరు.