అప్‌డేట్: కృష్ణశాస్త్రి, కరుణశ్రీ ప్రకృతి కవిత్వం పోలిక – పేపర్ పూర్తయింది

కృష్ణశాస్త్రి ‘ఆకులో ఆకునై’ గేయాన్ని, కరుణశ్రీ ‘పుష్పవిలాపం’తో పోల్చి ఎంఏ సెమినార్ పేపర్ రాయాలని, ‘ఇద్దరూ ప్రకృతిని అందంగా వర్ణించారు’ దగ్గరే ఆగిపోయానని ఇక్కడ అడిగాను కదా. పేపర్ ఇచ్చేశాను, మా మేడమ్‌కి నచ్చింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది ‘కవితలో “నేను” ఏం చేస్తున్నాడో చూడండి’ అన్న సలహా. కృష్ణశాస్త్రి ‘నేను’ ఆకులో, పూవులో, కొమ్మలో కలిసిపోయి ఆ అడవిలోనే దాగిపోవాలనుకుంటాడు. కోరికంతా అతనిదే, అడవి బదులు పలకదు. కరుణశ్రీ ‘నేను’ పూజకని పూలు కోయబోతాడు. కొమ్మ వంచి గోరు ఆనించేలోపే పూలు బావురుమంటాయి, మా ప్రాణం తీస్తావా అని. ఇక్కడ మాట పూలది, వినేది మనిషి. ఆ గోరు దగ్గరికి వచ్చేసరికి నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఈ తేడా దొరికాక మిగతాదంతా చకచకా రాసేశాను.

అలంకారాల జాబితా, గేయమా ఉత్పలమాలా అన్న ఛందస్సు చర్చ, కవుల జీవిత విశేషాలు ఈ ప్రశ్నకి అక్కర్లేకపోయాయి. విశ్వనాథ ‘కిన్నెరసాని పాటలు’ కూడా కలపమన్నారు కొందరు. అందులో మనిషే వాగైపోతుంది కాబట్టి దాన్ని వేరే పేపర్‌గా రాయమన్నారు మేడమ్.