ఊడదీసిన ప్యాచ్ చోట ఇంకొకటి కుట్టించొచ్చా?

పిట్స్‌బర్గ్_శీను:
పోయిన శనివారం ఇక్కడ దగ్గర్లో ఒక పెద్దాయన పోయాక ఇంటి సామాన్లు అమ్ముతుంటే ఐక్ జాకెట్ దొరికింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైనికుల 1944 మోడల్ పొట్టి ఉన్ని జాకెట్. కుడి జేబు పైన డిశ్చార్జ్ గుర్తు (సైన్యం నుంచి విడుదలయ్యాడని చెప్పేది), అదే ‘రప్చర్డ్ డక్’, చెక్కుచెదరలేదు. ఎడమ చేతి మీద మూడు బంగారు పట్టీలు. పట్టీకి ఆరు నెలల లెక్కన 18 నెలలు విదేశాల్లో ఉన్నాడన్నమాట. ఎడమ భుజం మీద ఏ డివిజన్ వాడో చెప్పే ప్యాచ్ మాత్రం ఎవరో ఊడదీశారు. ఆ చోట గుడ్డ రంగు వెలవలేదు. ఆ ముదురు మచ్చ పైన వెడల్పు, కింద సన్నం. అచ్చం 28వ డివిజన్ గుర్తైన ఎర్ర కీస్టోన్ (కమాను నడిమి రాయి ఆకారం). ఆ కాలం నాటి ఒరిజినల్ ప్యాచ్ కూడా సంపాదించాను. కుట్టించేస్తే తప్పా?

ఖాకీ_ప్రేమికుడు:
తప్పేముంది శీనూ? భుజం బోసిగా ఉంటే ఆ సైనికుడికే లోటు. మచ్చ దేనిదో అదే ప్యాచ్ పెడుతున్నావు, అబద్ధం ఎక్కడుంది? అమ్మే రోజు వస్తే చెప్పి అమ్ము. ప్యాచ్ అంచు మాత్రం చూసుకో. చుట్టూ లావుగా మెలేసిన దారం ఉంటే అది 1960ల తర్వాతిది. యుద్ధం నాటివి కత్తిరించిన అంచుతో ఉంటాయి.

పాత_దారం:
నేను ఒప్పుకోను అన్నా. శీను గారూ, దయచేసి సూది దింపకండి. జాకెట్‌ని కిటికీ దగ్గర పెట్టి ఆ మచ్చ అంచుని భూతద్దంతో చూడండి. సూది రంధ్రాలు ఒక వరసా, రెండా? 1945లో పాయింట్ల లెక్కన సైనికుల్ని ఇళ్లకి పంపారు. మే నెలలో 85 పాయింట్లు ఉన్నవాళ్లకి ముందు అవకాశం. అలాంటి చాలామందిని వెనక్కి వెళ్తున్న వేరే డివిజన్లకి మార్చారు. పోరాడింది ఒక డివిజన్‌తో, ఓడ ఎక్కింది ఇంకో డివిజన్‌తో. చివరి ప్యాచ్ మచ్చే మీకు కనిపిస్తోందేమో. మొదటిదాని ఆనవాలు ఆ రంధ్రాల్లోనే ఉండొచ్చు. మీరు మూడో వరస గుచ్చితే ఇక ఎవరూ విడదీయలేరు.

ఇంకో మాట. 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లో సైనికుల రికార్డుల కేంద్రం తగలబడింది. 1912 నుంచి 1960 మొదటి దాకా ఆర్మీ నుంచి డిశ్చార్జ్ అయినవాళ్ల ఫైళ్లలో దాదాపు 80 శాతం పోయాయి. ఈయన ఫైలు కూడా బూడిదై ఉంటే, ఈ ఉన్ని గుడ్డే ఆయన కాగితం. లోపలి లైనింగ్‌లో లాండ్రీ గుర్తు వెతకండి: ఇంటిపేరు మొదటి అక్షరం, సర్వీస్ నంబర్ చివరి నాలుగు అంకెలు. దాంతో మనిషినే పట్టుకోవచ్చు.

ఖాకీ_ప్రేమికుడు:
నీ మాటలో బరువుంది తమ్ముడూ, కాదనను. కానీ చిరిగిన లైనింగ్ కుట్టిస్తాం, పోయిన బొత్తాం పెట్టిస్తాం. దానికి లేని పట్టింపు ప్యాచ్‌కే ఎందుకు?

పాత_దారం:
బొత్తాం ఎవరి పేరూ చెప్పదు అన్నా. ప్యాచ్ ‘నేను ఫలానా చోట పోరాడాను’ అని చెబుతుంది. 28వ డివిజన్ అంటే 1944 నవంబరులో జర్మనీలోని హుర్ట్‌గెన్ అడవిలో జరిగిన పోరాటం. ఆ మాట ఆయన తరఫున మనం చెప్పకూడదు. మీరు చెప్పి అమ్ముతారు, సరే. మీ తర్వాత మూడో చేతికి వెళ్లేసరికి ఆ మాట ఉండదు. అల్ట్రావయొలెట్ లైట్ కింద కొత్త దారం నీలంగా మెరిస్తే దొరికిపోతుందంటారు. అదీ పూర్తి నమ్మకం కాదు. ఇప్పటి డిటర్జెంట్‌తో ఉతికితే పాత దారమూ మెరుస్తుంది.

పిట్స్‌బర్గ్_శీను:
ఇప్పుడే చూశాను. రెండు వరసలున్నాయి! లోపలి వరస గుండ్రంగా, మచ్చ కంటే చిన్నది. అది కీస్టోన్ కానే కాదు. లైనింగ్‌లో అక్షరం స్పష్టంగా ఉంది, అంకెల్లో ఒకటి చెరిగిపోయింది. ప్యాచ్‌ని విడిగా డబ్బాలో పెట్టేశాను. రేపు పగటి వెలుగులో ఫొటోలు తీసి పెడతాను. ఆ చెరిగిన అంకె మూడో, ఎనిమిదో మీరందరూ చూసి చెప్పాలి.