సెయింట్ లూయిస్ నేషనల్స్: టాప్ 3 అంటే ఒలింపిక్ టికెట్టేనా?

ప్రశ్న: 2026 జనవరిలో సెయింట్ లూయిస్‌లో అమెరికా ఫిగర్ స్కేటింగ్ నేషనల్స్ (జాతీయ పోటీలు). మహిళల్లో మూడు బెర్తులేగా! మొదటి ముగ్గురే మిలాన్ వింటర్ ఒలింపిక్స్‌కి వెళ్తారా? ఆంబర్ గ్లెన్ షార్ట్ ప్రోగ్రామ్‌లో (రెండు ప్రదర్శనల్లో మొదటిది, చిన్నది) ట్రిపుల్ ఆక్సెల్ (గాలిలో మూడున్నర చుట్లు తిరిగే జంప్) వేసి పడితే పనైపోయినట్టేనా?

జవాబు 1: కాదండీ. సెలక్షన్ కమిటీ అంతకుముందు పోటీల ఫలితాలూ చూస్తుంది. 2014లో మూడో స్థానం మిరాయ్ నాగసుకి వచ్చినా, సోచి ఒలింపిక్స్‌కి వెళ్లింది నాలుగో స్థానంలోని ఆష్లీ వాగ్నర్. 2018లో పురుషుల్లో రెండోవాడు రాస్ మైనర్‌ని పక్కనపెట్టి నాలుగోవాడు ఆడమ్ రిపన్‌ని పంపారు. పెయిర్స్‌లో (ఇద్దరు జంటగా చేసే విభాగం) ఇంకో మెలిక: ఒలింపిక్స్‌కి ఇద్దరికీ అమెరికా పౌరసత్వం ఉండాలి, నేషనల్స్‌కి ఒకరికుంటే చాలు.

జవాబు 2: ఆక్సెల్ లెక్క ఇదీ. ట్రిపుల్‌కి బేస్ (జంప్ మూల విలువ) 8.00. చుట్లన్నీ పూర్తయ్యాక పడితే జీఓఈ (ఎంత బాగా చేశారన్నదానికి జడ్జీలిచ్చే గ్రేడు) మైనస్ 5, అంటే బేస్‌లో సగం కోత. పడినందుకు ఇంకో పాయింటు. మిగిలేది 3.00. చుట్లు కాస్త తగ్గి పడితే బేస్ 6.40కి దిగి చివరికి 2.20. మామూలు డబుల్ ఆక్సెల్ బేసే 3.30! పైగా పడితే కాంపోనెంట్ మార్కులూ (మొత్తం ప్రదర్శన నాణ్యతకిచ్చేవి) జారతాయి. అయినా నిలబడి దిగితే వచ్చే లాభం చూస్తే వెయ్యమనే అంటాను.

ప్రశ్న అడిగినవారు: మరి పురుషుల్లో అమెరికా స్కేటర్ ఇలియా మాలినిన్ వేసే క్వాడ్ ఆక్సెల్ (నాలుగున్నర చుట్లది)?

జవాబు 2: బేస్ 12.50. నేషనల్స్‌లో ఆయనకి దాని అవసరమే లేదు లెండి.