మిత్రదేశపు ఎఫ్-16 యుద్ధ విమానం ఎయిర్‌షోకి వస్తే, దిగే ఎయిర్‌ఫీల్డ్‌లో ఏమేం సిద్ధంగా ఉండాలి?

ఏప్రాన్_మీద:
ఒక సివిల్ ఎయిర్‌ఫీల్డ్‌లో షో. ఇంకో నాటో దేశం నుంచి ఎఫ్-16 సోలో డిస్‌ప్లే టీమ్‌ను పిలిచారనుకోండి. రెండు జెట్లు (ఒకటి ఎగరడానికి, ఒకటి స్పేర్), సామాను, గ్రౌండ్ క్రూ కోసం ఒక రవాణా విమానం. డిప్లొమాటిక్ క్లియరెన్స్, పార్కింగ్ ఎలాగూ చూసుకుంటారు. అవి కాక ఆఖరి నిమిషంలో పని ఎక్కడ ఆగుతుంది? ఇంధనం, డిస్‌ప్లే ఎత్తులు, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది: ఈ మూడూ వివరంగా కావాలి.

కాగితాల_పని:
క్లియరెన్స్‌ను అలా దాటేయకండి, చిక్కంతా అక్కడే. షికాగో ఒప్పందం 3వ అధికరణ ప్రకారం సైనిక విమానం ప్రభుత్వ విమానం కిందికి వస్తుంది. అనుమతి లేకుండా ఇంకో దేశం మీదుగా ఎగరకూడదు, అక్కడ దిగకూడదు. దిగే దేశం ఒప్పుకుంటే చాలదు, దారిలో దాటే ప్రతి దేశమూ ఒప్పుకోవాలి. దరఖాస్తులో టెయిల్ నంబర్లు (ఒక్కో విమానం తోక మీది గుర్తింపు సంఖ్య), కాల్‌సైన్ (రేడియోలో పిలిచే పేరు), రూటు, తేదీలు రాస్తారు. బయల్దేరే రోజు ఒక జెట్ మొరాయించి మూడోదాన్ని పంపాలంటే దాని నంబరు కాగితంలో ఉండదు, అంతే, ఆగిపోతుంది. కాబట్టి రాగల విమానాలన్నిటి నంబర్లూ ముందే ఇప్పించండి.

బాధ్యత సంగతి: నాటో దేశాల మధ్య 1951 నాటి సోఫా ఒప్పందం (ఒక దేశపు సైనికులు ఇంకో దేశంలో ఉన్నప్పుడు వర్తించే నియమాలు) 8వ అధికరణ ఉంది. డ్యూటీలో ఉన్న సిబ్బంది వల్ల బయటివారికి నష్టం జరిగితే క్లెయిమ్‌ను ఆతిథ్య దేశం తన చట్టం ప్రకారమే తేలుస్తుంది. బాధ్యత పూర్తిగా పంపిన దేశానిదే అయితే ఆ దేశం 75 శాతం, ఆతిథ్య దేశం 25 శాతం భరిస్తాయి. ఇది ప్రభుత్వాల మధ్య లెక్క మాత్రమే. దీన్ని చూసుకుని నిర్వాహకులు తమ బీమా తగ్గించుకుంటే మునుగుతారు.

ట్యాంకర్_దగ్గర:
ఇంధనం తేలికే, కానీ అడగాలి. నాటో మిలిటరీ జెట్లు మామూలుగా వాడేది ఎఫ్-34. సివిల్ ఫీల్డ్‌లో దొరికేది జెట్ ఏ-1. తేడా అంతా అడిటివ్‌లలోనే: మంచు కట్టకుండా చేసేది, తుప్పును ఆపేది. అడిటివ్ కలిపి ఇస్తారా, కలపనిదే చాలా అని టీమ్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఎఫ్-16కి అసలు జాగ్రత్త హైడ్రాజిన్. ఇంజిన్ ఆగినా, జనరేటరో హైడ్రాలిక్సో పోయినా పని చేసే ఎమర్జెన్సీ పవర్ యూనిట్‌లో హెచ్-70 ఉంటుంది: 70 శాతం హైడ్రాజిన్, 30 శాతం నీళ్లు. విషం, పీల్చినా చర్మానికి తగిలినా ప్రమాదం. ఆ యూనిట్ పని చేసి జెట్ దిగితే మామూలు పార్కింగ్‌కి రానివ్వకూడదు. జనానికి దూరంగా ఒక చోటు ముందే గుర్తించి పెట్టాలి. సొంత గాలి సిలిండర్లు తొడుక్కున్న బృందం తప్ప ఎవరూ దగ్గరికి పోకూడదు. వాళ్లు కూడా గాలి వచ్చే దిక్కు నుంచే వెళ్లాలి. ఫైర్ సిబ్బందికి ఇది షోకి ముందే చెప్పకపోతే, మంచి మనసుతో పరుగెత్తేది వాళ్లే.

ఏప్రాన్_మీద:
థాంక్స్ అండి. ఎత్తుల సంగతి?

డిస్‌ప్లే_లైన్:
రాతలో ప్రతి అంకె పక్కనా అది నేల నుంచా, సముద్ర మట్టం నుంచా అని ఉండాలి. బ్రిటన్‌లో డిస్‌ప్లేలకు అల్టిమీటర్‌ను (ఎత్తు చూపే మీటరు) క్యూఎఫ్ఈ అనే సెట్టింగ్‌లో పెడతారు, అంటే ఫీల్డ్ మీద అది సున్నా చూపిస్తుంది. అమెరికా టీమ్‌లకు సముద్ర మట్టం లెక్క అలవాటు. 2003 సెప్టెంబరులో ఐడహోలోని మౌంటెన్ హోమ్‌లో అమెరికా వైమానిక దళపు డిస్‌ప్లే టీమ్ థండర్‌బర్డ్స్ ఎఫ్-16 కూలింది ఇలాంటి లెక్క తప్పడంతోనే. ఆ ఫీల్డ్ వాళ్ల సొంత స్థావరం నెల్లిస్ కంటే దాదాపు 1,100 అడుగుల ఎత్తులో ఉంది. స్ప్లిట్-ఎస్ (తలకిందులై కిందికి సగం చుట్టు తిరిగే విన్యాసం) ముందు నేల నుంచి 2,500 అడుగులు ఎక్కాల్సిన పైలట్ 1,670 దగ్గరే తిరగేశాడు. నేలను తాకడానికి 0.8 సెకన్ల ముందు ఇజెక్ట్ అయి బతికాడు.

దూరాలకూ అంతే: టీమ్ రూల్, ఆతిథ్య దేశపు రూల్, రెండిట్లో కఠినమైనదే చెల్లాలి. అమెరికాలో వేగవంతమైన జెట్లకు జనం నుంచి 1,500 అడుగులు. 1988 ఆగస్టు 28న జర్మనీలోని రామ్‌స్టైన్ ఎయిర్‌షోలో జనం వైపు ఎగురుతున్న ఒంటరి జెట్ తన టీమ్ విమానాలనే ఢీకొనడంతో పైలట్లతో కలిపి 70 మంది పోయారు. జనం వైపు ముక్కు పెట్టి చేసే విన్యాసం ఏ టీమ్ అడిగినా వద్దనండి.

మబ్బు దిగితే ఏం చేస్తారో కూడా రాయించుకోండి. బ్రిటన్ వైమానిక దళపు టీమ్ రెడ్ ఆరోస్‌ను చూడండి: నిలువు చుట్లతో చేసే పూర్తి లూపింగ్ షోకి మబ్బు బాగా పైన ఉండాలి, కాస్త దిగితే చుట్లు లేని రోలింగ్ షో, ఇంకా కిందికి దిగితే ఫ్లాట్ షో. సోలో టీమ్‌కీ ఇలాంటి మెట్లే ఉంటాయి. ఏ మెట్టు ఎగురుతారో బ్రీఫింగ్‌లోనే ఫ్లయింగ్ డిస్‌ప్లే డైరెక్టర్‌కి (ఎగిరే షో భద్రత చూసే అధికారికి) చెప్పాలి. ఆయన రేడియోలో "స్టాప్, స్టాప్, స్టాప్" అన్నాక ఎంత పెద్ద టీమైనా ఆపాల్సిందే.